జర్మనీలో పొరుగువారి ఫిర్యాదు: ఎదుట పలకరింపు, వెనుక ఉత్తరం

నెక్కార్_గట్టు
మేము స్టుట్‌గార్ట్‌లో ఒక పాత భవనంలో మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. నేను, నా భార్య, నాలుగేళ్ల బాబు. నిన్న ఇంటి నిర్వహణ సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో మా మీద మూడు అభియోగాలున్నాయి. ఆదివారం మధ్యాహ్నం మా వంటగదిలోంచి "యంత్రపు చప్పుడు" వస్తోందట (అది మిక్సీ). రాత్రి పొద్దుపోయాక ఇంట్లో పరుగుల శబ్దం వినిపిస్తోందట (అది మావాడు). మా వంతు వచ్చిన వారం మెట్లు సరిగా శుభ్రం కాలేదట. మొదటి రెండింటికీ తేదీ, గంట, నిమిషంతో సహా రాశారు.

ఫిర్యాదు కన్నా అది వచ్చిన తీరు నన్ను ఎక్కువగా బాధించింది. ఆ గంటలూ నిమిషాలూ సరిగ్గా మా కింద ఉండే పెద్దావిడకు తప్ప మరొకరికి తెలిసే అవకాశం లేదు. ఆవిడ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నవ్వుతూ పలకరిస్తారు. క్రిస్మస్‌కు మావాడి కోసం చాక్లెట్ల పొట్లం మా తలుపు పిడికి తగిలించి వెళ్లారు. అంత మంచిగా ఉండే మనిషి ఒక్కసారి తలుపు తట్టి "ఆదివారం ఆ చప్పుడు వద్దు బాబూ" అంటే వినమా? ఇప్పుడు ఆవిడ ఎదురైతే ఏ ముఖం పెట్టుకోవాలో తెలియడం లేదు. వెళ్లి నేరుగా అడగాలా, సంస్థకు జవాబు రాయాలా, లేక మరో ఇల్లు వెతుక్కోవడమే మేలా? ఇక్కడ ఏళ్లుగా ఉంటున్నవారు చెప్పండి.

పిండిరుబ్బు
స్టుట్‌గార్ట్‌లో మరో ఇల్లు వెతుక్కోవడం కన్నా మరో మిక్సీ వెతుక్కోవడం తేలిక. శనివారం సాయంత్రమే పిండి రుబ్బి పెట్టుకోండి. పులియడం నిశ్శబ్దంగా జరిగే పని కనుక దానికి ఏ నియమావళీ అడ్డు రాదు.

మ్యూనిక్_బాబాయి
తమ్ముడూ, ముందు ఆ ఉత్తరాన్ని మరోసారి తీసి చదవండి. అందులో "ఆబ్మానుంగ్" అనే మాట ఉందా లేదా చూడండి. ఉంటే అది లాంఛనమైన హెచ్చరిక. ఆ తరువాత కూడా అదే జరిగితే ఇల్లు ఖాళీ చేయించడానికి యజమానికి అదొక ఆధారమవుతుంది. ఆ మాట లేకపోతే అది గుర్తు చేస్తూ రాసిన ఉత్తరం మాత్రమే. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, మన కంటికి మాత్రం రెండూ ఒకే రకం సర్కారు కాగితంలా కనిపిస్తాయి.

ఇక నియమాల సంగతి. మెట్ల దగ్గర గోడకు అంటించి ఉండే "హౌస్‌ఓర్డ్‌నుంగ్", అంటే ఇంటి నియమావళి, సాధారణంగా మీరు సంతకం చేసిన అద్దె ఒప్పందంలోనే భాగంగా ఉంటుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దంగా ఉండాలన్నది దేశమంతటా వాడుక. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా విశ్రాంతి సమయమన్నది మాత్రం ఇంటింటి నియమావళిని బట్టి ఉంటుంది. ఆదివారపు విశ్రాంతి అన్నిటికన్నా బరువైనది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం ఆదివారాన్ని, పండుగ సెలవులను విశ్రాంతి దినాలుగా రక్షించింది. నేటి రాజ్యాంగం 140వ అధికరణం ద్వారా దాన్ని అలాగే నిలుపుకుంది. ఆ రోజు దుకాణాలు మూసి ఉండేదీ, నివాస ప్రాంతాల్లో గడ్డి కోసే యంత్రం నడపకూడనిదీ, ఖాళీ సీసాలను వీధి చివరి గాజు తొట్టిలో వేస్తుంటే దారినపోయేవారు ఆగి చూసేదీ ఇందుకే. మీ మిక్సీ ఆ జాబితాలోకి ఎక్కిందంతే.

నిమిషాలతో సహా రాయడాన్ని కూడా పగగా తీసుకోవద్దు. చప్పుడు గురించి ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఎప్పుడు, ఎంతసేపు, ఏ రకమైన చప్పుడో రాసిపెట్టి పంపమని నిర్వహణ సంస్థలే అడుగుతాయి. ఆవిడ ఆ పట్టిక నింపి పంపి ఉంటారు.

లైప్‌జిగ్_లక్ష్మి
బాబాయి గారు చెప్పిన వాటిలో మిక్సీ వరకు ఒప్పుకుంటాను. పిల్లవాడి పరుగుల విషయంలో మాత్రం తల వంచవద్దు. 2011లో ఇక్కడ కాలుష్య నియంత్రణ చట్టాన్ని సవరించి, పిల్లల సంరక్షణ కేంద్రాలలోనూ ఆటస్థలాలలోనూ వచ్చే పిల్లల చప్పుడును మామూలుగా హానికరమైన శబ్దం కింద లెక్కించరాదని చేర్చారు. అది ఇళ్లకు నేరుగా వర్తించకపోయినా, వయసుకు తగిన ఆటపాటల శబ్దాన్ని ఇరుగుపొరుగు భరించాలనే న్యాయస్థానాలు సాధారణంగా అంటాయి. నాలుగేళ్లవాడు పరిగెత్తక ధ్యానం చేస్తాడా?

హాంబర్గ్_హరి
లక్ష్మి గారూ, దానికీ హద్దులున్నాయని 2017లో ఇక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం ఒక బెర్లిన్ కేసులో స్పష్టం చేసింది. పిల్లలు కదా అని ఎంత చప్పుడైనా, ఏ వేళలోనైనా భరించాలని లేదు. పైగా నెక్కార్_గట్టు గారు రాసినది చూడండి: "రాత్రి పొద్దుపోయాక" అన్నారు. మన ఇళ్లలో తొమ్మిదిన్నరకు పిల్లలకు ఆట మొదలవుతుంది. ఇక్కడ నాలుగేళ్ల పిల్లలు చాలామంది ఏడున్నరకల్లా పడుకుంటారు. కింద ఉన్నవారికి ఆ వేళలో పరుగులు విడ్డూరంగానే ఉంటాయి.

లైప్‌జిగ్_లక్ష్మి
పది లోపు అయితే విడ్డూరం వారిది, హక్కు వీరిది.

నెక్కార్_గట్టు
బాబాయి గారూ, మీరు చెప్పిన మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. "దయచేసి గమనించగలరు" అనే ధోరణిలోనే ఉంది. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అయితే మెట్ల సంగతి నాకు అర్థం కావడం లేదు. మా వారం వచ్చినప్పుడు చీపురుతో ఊడ్చాము. ఇంకేం చేయాలి?

ఎస్లింగెన్_కోడలు
నేను ఈ విషయం మీద గ్రంథం రాయగలను. మీరున్నది ష్వాబియన్లు అనే జర్మనుల సీమ, అక్కడ "కేర్‌వోఖె" అంటే ఊడ్చే వారం అని మాత్రమే అనుకుంటే చాలదు. చిన్న వంతు, పెద్ద వంతు అని రెండుంటాయి. చిన్న వంతులో మీ గుమ్మం ముందు భాగమూ, అక్కడి నుంచి కింది అంతస్తు దాకా ఉన్న మెట్లూ మీవి. పెద్ద వంతులో ప్రధాన ద్వారం, నేలమాళిగకు వెళ్లే దారి, పెరడు, ఇంటి ముందరి కాలిబాట వస్తాయి. తలుపుకు తగిలించే చిన్న పలక మీ గుమ్మానికి వచ్చిందంటే ఆ వారం మీదే. పని అయ్యాక దాన్ని మీరే తరువాతివారి తలుపుకు తగిలించాలి.

ఊడ్చడం సగం పని. తడిగుడ్డ పెట్టాలి, మెట్ల కటకటాల పైకమ్మీ తుడవాలి, కాలిపట్ట (గుమ్మం ముందు వేసే డోర్‌మ్యాట్) ఎత్తి దాని కింద తుడవాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటావిడ మా కాలిపట్టను రెండు వేళ్లతో పైకెత్తి, కింద ఉన్న ఇసుకను చూసి, మళ్లీ నెమ్మదిగా అక్కడే పెట్టి వెళ్లడం తలుపు కంటిరంధ్రంలోంచి చూశాను. ఒక్క మాట అనలేదు. ఆ తరువాత నేను ప్రతి శనివారం ఉదయం బకెట్టు చప్పుడు నలుగురికీ వినిపించేలా తుడుస్తున్నాను. శుభ్రం చేయడం ఎంత ముఖ్యమో, చేస్తున్నట్టు కనిపించడమూ అంతే ముఖ్యం.

చలికాలంలో ఇంకొక మెలిక ఉంది. కాలిబాట మీద మంచు తొలగించే పని ఒప్పందంలో అద్దెదారుల మీద పెట్టి ఉంటే, మీ వారంలో మంచు పడితే తెల్లవారుజామునే పార పట్టుకోవాలి. ఎవరైనా జారిపడి కాలు విరిగితే నష్టపరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. వ్యక్తిగత బాధ్యతా బీమా తీసుకోకపోతే వెంటనే తీసుకోండి. ఇక్కడ అది చాలా ఇళ్లలో ఉంటుంది.

పిండిరుబ్బు
ఎస్లింగెన్_కోడలు గారి పక్కింటావిడ కాలిపట్ట ఎత్తారు, వీరు కంటిరంధ్రంలోంచి చూశారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ జర్మనులో తేల్చుకోలేకపోతున్నాను.

ఎస్లింగెన్_కోడలు
కంటిరంధ్రం మన దగ్గర కూడా ఉందండీ. మనం తలుపు తీసి అడిగేస్తాం, అంతే తేడా.

సూటి_మాట
ఇంతమంది రాశారు గానీ ఒక్కరూ అసలు ప్రశ్న అడగలేదు. ప్రతిసారీ మనమే ఎందుకు మారాలి? నేను పన్ను కడుతున్నాను, అద్దె ఒకటో తేదీకే కడుతున్నాను, ఇంట్లో టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కూడా కడుతున్నాను. మా ఇంట్లో రెండో అంతస్తాయన ఆదివారం గోడకు డ్రిల్లు పెట్టాడు. ఆయనకు ఉత్తరం రాలేదు. మా ఇంట్లో పుట్టినరోజు నాడు పదిమంది వస్తే మాకు వచ్చింది. ఇది నియమం కాదు, వివక్ష.

మ్యూనిక్_బాబాయి
ఆయనకు ఉత్తరం రాలేదని మీకెలా తెలుసు? ఉత్తరాలు నోటీసు బోర్డులో పెట్టరు కదా. ఆయన మీద మీరు ఫిర్యాదు చేశారా?

సూటి_మాట
నేనెందుకు చేస్తాను? పోనీలే అనుకున్నాను.

మ్యూనిక్_బాబాయి
అక్కడే ఉంది. ఈ ఏర్పాటులో ఎవరూ తనంతట తాను కాపలా కాయరు. చెప్పినవారి మాట మాత్రమే వింటారు. మీరు "పోనీలే" అనుకున్నారు, మీ పొరుగువారు అనుకోలేదు.

ద్వైతం
సూటి_మాట గారి మాటను అంత తేలిగ్గా కొట్టేయకండి. ఫిర్యాదులన్నీ చప్పుడు గురించే ఉండవు. మాకు ఒకసారి "విదేశీ వాసనలు" అంటూ ఒక చీటీ వచ్చింది. తాలింపు వాసన మెట్ల దాకా రాకూడదంటే వీధి తలుపు తెరవకుండా కిటికీలు తెరవాలన్న మాట నిజమే, ఆ జాగ్రత్త మేము తీసుకున్నాము కూడా. కానీ ఆ చీటీలోని "విదేశీ" అన్న మాటకు వంటతో పని లేదు. 2006లో వచ్చిన సమాన వ్యవహార చట్టం ఇల్లు అద్దెకివ్వడానికి కూడా వర్తిస్తుంది. యజమాని గానీ నిర్వహణ సంస్థ గానీ జాతి కారణంగా వేరుగా చూశారనిపిస్తే, ఆ చట్టం కింద పరిహారం కోరడానికి రెండు నెలల గడువే ఉంటుంది. సమాఖ్య ప్రభుత్వపు వివక్ష వ్యతిరేక కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. పొరుగువారి చీటీకి ఈ చట్టం పనికిరాదు గానీ, సంస్థ ఆ చీటీని పట్టుకుని మీ మీద చర్యకు దిగితే పనికొస్తుంది. కాబట్టి కాగితాలు పారేయకండి.

నెక్కార్_గట్టు గారి ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించడం లేదు. అందులో ఉన్నది మిక్సీ, పరుగులు, మెట్లు. ఆ మూడూ పక్కింటి జర్మను చేసినా ఫిర్యాదు వచ్చేవే.

కొలోన్_కావేరి
ఆవిడ నేరుగా ఎందుకు చెప్పలేదన్న దాని గురించి. మా ఇంట్లో ఒకాయన నేను దిగిన వారంలోనే తలుపు తట్టి, చెత్త ఏ తొట్టిలో వేయాలో ముఖం మీదే చెప్పాడు. అందువల్ల జర్మనులందరూ ఉత్తరాలే రాస్తారనడం సరికాదు. కొందరు మాత్రం మరొకరి గుమ్మం తొక్కి తప్పు ఎత్తి చూపడాన్ని ఉత్తరం రాయడం కన్నా పెద్ద అమర్యాదగా భావిస్తారు. మధ్యలో సంస్థ ఉంటే ముఖాముఖీ మాటా మాటా పెరగదని వారి ఉద్దేశం. మనకు అది వెన్నుపోటులా తోస్తుంది.

నాకు మా పొరుగుతో మాట కలిపినవి పార్సెళ్లు. మనం ఇంట్లో లేకపోతే డెలివరీవారు పక్కింట్లో ఇచ్చి, ఎవరి దగ్గర ఉందో చెప్పే చీటీని మన ఉత్తరాల పెట్టెలో వేసి వెళతారు. నేను ఇంటి నుంచి పనిచేస్తాను కనుక ఇంటిల్లిపాదివీ నా దగ్గరే ఉండేవి. సాయంత్రం ఒక్కొక్కరూ చీటీ పట్టుకుని వచ్చి, పెట్టె తీసుకుని, గుమ్మంలో నిలబడి వాతావరణం గురించి ఒక మాట, రైలు ఆలస్యం గురించి ఒక మాట మాట్లాడి వెళ్లేవారు. రైళ్ల మీద విసుగు ఈ దేశంలో అందరినీ కలుపుతుంది. ఆ తరువాత మా ఇంట్లో ఏ వేడుక ఉన్నా, రెండు రోజుల ముందే ప్రధాన ద్వారం దగ్గర ఒక కాగితం అంటిస్తాను: ఫలానా రోజు ఇన్ని గంటల దాకా అతిథులుంటారు, ఇబ్బంది కలిగితే ఈ నంబరుకు ఫోను చేయండి అని. ఇప్పటిదాకా ఎవరూ ఫోను చేయలేదు.

హాంబర్గ్_హరి
కావేరి గారి కాగితం మర్యాదకే గానీ, అది అంటించినంత మాత్రాన రాత్రి పది తరువాత గోల చేసే హక్కు రాదు. నెలకొకసారి విందు చేసుకోవడం చట్టమిచ్చిన హక్కు అని మనవాళ్లు చాలామంది అంటుంటారు. అలాంటి హక్కు ఏదీ లేదు.

సూటి_మాట
మాకు నంబరు రాయాలన్న ఆలోచన రాలేదు. ఈ ఒక్కటీ బాగుంది.

మూడో_అంతస్తు
ఈ ప్రశ్న వేసినవారి భార్యను. పొద్దున మావారు చెబితే ఇదంతా చదివాను. ఒక విషయం ఆయన రాయలేదు: ఆదివారం మిక్సీ వేసేది నేను కాదు, ఆయన. వారమంతా ఆఫీసు ఉంటుందని ఆదివారం వంట తానే చేస్తానంటారు. పచ్చడితోనే మొదలుపెడతారు.

ఆయన రాయని రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను ఇంట్లో మునివేళ్ల మీద నడుస్తున్నాను. బాబు బొమ్మకారు నేల మీద పెడితే గుండె దడదడలాడుతోంది. పగలు పదకొండు గంటలప్పుడు కూడా "మెల్లగా నడు, మెల్లగా నడు" అంటున్నాను. నిన్న వాడు స్నానాల గదిలోకి కూడా మునివేళ్ల మీదే వెళ్లాడు. అది చూశాక, ఎవరికి హక్కుందో తేల్చుకునే ఓపిక నాకు లేకపోయింది. నేను నేర్చుకుంటున్న జర్మన్ ఇంకా తొలి మెట్టులోనే ఉంది. అయినా చెప్పదలచుకున్న నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని, బాబును వెంటబెట్టుకుని కిందికి వెళ్లాను.

ఆవిడ తలుపు తీశారు. నేను కాగితం చూసి చదువుతుంటే చివరిదాకా ఆగి విన్నారు. తానే రాశానని ఏమాత్రం తడబడకుండా చెప్పారు. మావారి కన్నా ఆవిడే ప్రశాంతంగా ఉన్నారు. వంటగదిలోకి తీసుకువెళ్లి పైకప్పు వైపు చేయి చూపించారు. మా మిక్సీ ఉండే రాతి గట్టు సరిగ్గా దాని పైనే, గోడకు ఆనుకుని ఉంది. చప్పుడు కన్నా అదురు ఎక్కువని, తన అల్మరాలోని గాజు గ్లాసులు ఒకదానికొకటి తగులుతాయని ఒక గ్లాసుతో మరో గ్లాసును తట్టి చూపించారు. ఒంటిగంట నుంచి మూడు దాకా తాను పడుకుంటానన్నారు. పగలు బాబు పరిగెత్తితే ఫర్వాలేదట, పడుకునే వేళకు మాత్రం ఆపమన్నారు. నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. నాకు అర్థం కానిది కూడా చాలా చెప్పారు.

లైప్‌జిగ్_లక్ష్మి
నేను న్యాయస్థానాల దాకా వెళ్లాను, మీరు కింది అంతస్తు దాకా వెళ్లారు. చాలా బాగుంది. అయినా పగలు బాబును మునివేళ్ల మీద నడిపించవద్దు. ఇల్లు చప్పుడైనా ఫర్వాలేదు, వాడు భయస్థుడు కాకూడదు. ఊళ్లోని అద్దెదారుల సంఘంలో చేరి ఉంచుకోవడం కూడా మంచిది. ఏడాది చందా కడితే, ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడు అక్కడి న్యాయవాదులు చదివి చెబుతారు.

ద్వైతం
భాష గురించి ఒక మాట. మీ ఊరి ఫోక్స్‌హోఖ్‌షూలెలో, అంటే నగరపాలక సంస్థల వయోజన విద్యా కేంద్రంలో, సాయంత్రపు తరగతులుంటాయి. ప్రభుత్వ సమైక్యతా కోర్సు అయితే భాషకు 600 పాఠ్య గంటలు, ఇక్కడి చట్టాలూ చరిత్రా జీవనవిధానాల కోసం మరో 100 గంటలు ఉంటాయి. నాలుగు వాక్యాలు రాసుకుని ధైర్యంగా వెళ్లినవారికి అది కష్టం కాదు.

నెక్కార్_గట్టు
పచ్చడి విషయం బయటపడింది కనుక ఒప్పుకోక తప్పదు. మిక్సీని ఇకపై భోజనాల బల్ల మీద పెడతాము. సంస్థకు కూడా రెండు వాక్యాలు రాద్దామనుకుంటున్నాను: ఉత్తరం అందింది, కింది అంతస్తువారితో మాట్లాడుకున్నాము, మెట్ల వంతు ఇకపై తడిగుడ్డతో చేస్తాము అని.

మ్యూనిక్_బాబాయి
రాయండి, కానీ "మాదే తప్పు" అని మాత్రం కాగితం మీద పెట్టవద్దు. అందిన తేదీ వేయండి, మాట్లాడుకున్నామని రాయండి, అంతటితో ఆపండి. ఒక ప్రతి దాచుకోండి.

ఎస్లింగెన్_కోడలు
మూడో_అంతస్తు గారూ, మెట్ల గురించి కూడా ఆవిడే రాశారా? అది అడిగారా?

మూడో_అంతస్తు
అడిగాను. మెట్ల గురించి తాను ఏమీ రాయలేదన్నారు. అయితే అది ఇంకొకరి పని. మా అంతస్తులోనే ఎదురుగా ఒకరు, పైన ఇద్దరు ఉన్నారు. వచ్చే వారం మళ్లీ మా వంతే.

ఎస్లింగెన్_కోడలు
ముందు మీ కాలిపట్ట ఎత్తి చూడండి. ఎదురింటి తలుపుకు కంటిరంధ్రం ఉందో లేదో కూడా చూసి చెప్పండి.

పిండిరుబ్బు
భోజనాల బల్ల మీద పెట్టినా అదురు బల్ల కాళ్ల గుండా నేలలోకి దిగుతుంది. ఇంటి సామగ్రి దుకాణాల్లో బట్టలుతికే యంత్రాల కింద వేసే మందపాటి రబ్బరు పట్ట దొరుకుతుంది, ఒక ముక్క కోసి మిక్సీ కింద వేయండి. ఆ దుకాణం కూడా ఆదివారం మూసే ఉంటుంది, శనివారమే వెళ్లండి.